మన ఎండకు, మన మట్టికి నిలబడే లాన్: పని అంతా నాటడానికి ముందే

లాన్ వేయాలనుకోగానే చాలామంది నర్సరీకి ఫోన్ చేస్తారు. మర్నాడు గడ్డి చాపలతో బండి వస్తుంది. సాయంత్రానికి ఇంటి ముందు పచ్చగా పరుచుకుంటుంది. మూడు నెలలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత చాపల సందుల్లోంచి తుంగ లేస్తుంది, గోడ వెంబడి గడ్డి పసుపెక్కుతుంది, మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి అక్కడక్కడా బట్టతల. ఇందులో గడ్డి తప్పేమీ లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, కంకర అలాగే వదిలేసి, పైన రెండంగుళాల ఎర్రమట్టి చల్లి పరిచేస్తే వేళ్లు ఎక్కడికి పోతాయి?

నాటడానికి ఒక్క రోజు చాలు. నేలను తయారు చేయడానికి మాత్రం ఏడెనిమిది వారాలు పడుతుంది. ఏప్రిల్‌లో మొదలుపెడితే మృగశిర కార్తెకు నాటుకోవచ్చు. కింద కొలతలన్నీ 20 గజాల లాన్‌కి ఇస్తున్నాం. అంటే 180 చదరపు అడుగులు, దాదాపు 17 చదరపు మీటర్లు. మీది 40 గజాలైతే రెట్టింపు చేసుకోండి.

ముందు నీళ్ల లెక్క, తర్వాత ఎండ లెక్క

మే నెలలో లాన్‌కి రోజుకి సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. చదరపు మీటరుకి ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 20 గజాలకి రోజుకి 85 లీటర్లు, నెలకి 2,500 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్‌లో సగం. అదే 100 గజాల లాన్ అయితే నెలకి రెండున్నర ట్యాంకర్లు. మీ బోరు మే నెలలో ఎంత పోస్తుందో చూసుకుని లాన్ సైజు పెట్టుకోండి. అనంతపురం వైపు ఏడాది వాన మొత్తం 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడ 10 గజాల పచ్చదనం చుట్టూ చెట్లు వేసుకోవడం తెలివైన పని.

ఎండ చూడటంలో ఒక మోసం ఉంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఇంటికి ఉత్తరం వైపు ఖాళీ జాగాలో జూన్‌లో ఎండ దండిగా కనపడుతుంది. డిసెంబరుకి సూర్యుడు దక్షిణానికి దిగేసరికి అదే జాగా మీద మీ ఇంటి నీడే రోజంతా పడుతుంది. రెండంతస్తుల ఇల్లయితే నీడ ఇంకా దూరం పోతుంది. కాబట్టి ఎండ గంటలు చలికాలం లెక్కన కట్టుకోండి.

ఏ గడ్డి

ఆరు గంటలకు పైగా నేరుగా ఎండ పడే చోట గరిక జాతిని మించింది లేదు. వినాయక చవితి పత్రిలో వాడే ఆ గరికే, లాన్ కోసం ఎంపిక చేసిన సన్న రకాలు నర్సరీల్లో దొరుకుతాయి. సెలెక్షన్ వన్ అని అడిగితే ఇస్తారు. ఎండని, ఉప్పు నీటిని, పిల్లల ఆటల్ని తట్టుకుంటుంది. తొక్కిన చోట తొందరగా మళ్లీ అల్లుకుంటుంది. దానికి బదులుగా అడిగేదల్లా తరచూ కోత. నీడని మాత్రం అసలు భరించదు.

నాలుగైదు గంటల ఎండ ఉంటే కొరియన్, మెక్సికన్ పేర్లతో అమ్మే జోయ్‌సియా రకాలు. ఒత్తుగా, మెత్తగా చాపలా పెరుగుతాయి, కోత తక్కువ. కానీ పెరుగుదల బహు నిదానం. ఒకచోట చచ్చిపోతే ఆ మచ్చ పూడటానికి నెలలు పడుతుంది. పిల్లలు క్రికెట్ ఆడే చోట వేయకండి.

మూడు నాలుగు గంటల ఎండ, పక్కన మామిడి చెట్టు నీడ ఉంటే వెడల్పాకు గడ్డి, నర్సరీవాళ్లు షేడ్ గ్రాస్ అంటారు. ఆకు పెద్దది, నున్నటి లాన్ రాదు, నీరు ఎక్కువ తాగుతుంది. అంతకన్నా తక్కువ ఎండ పడేచోట ఏ గడ్డీ బతకదు, బండలు పరుచుకోండి.

సముద్రతీరంలో, బోరు నీటికి ఉప్పదనం ఉన్నచోట గరికే మొదటి మాట. అది కూడా కష్టమైతే పాస్పలం అనే తీరప్రాంతపు గడ్డి ఉంది, ఉప్పుకి ఇంకా ఎక్కువ ఓర్చుకుంటుంది.

మట్టి

అడుగు లోతు గుంట తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటకి ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడండి. రెండు మూడు సెంటీమీటర్లు దిగితే పర్వాలేదు. సెంటీమీటరు కూడా దిగకపోతే వానాకాలంలో మీ లాన్ మడి అవుతుంది.

ఎర్రనేల, చల్కా నేల అయితే పని సులువు. 8 నుంచి 10 అంగుళాల లోతు తిరగతవ్వి, రాళ్లు ఏరి, ఎరువు కలిపితే చాలు. నల్లరేగడితోనే చిక్కు. తడిస్తే బంక, ఎండితే బీటలు. బీట పడ్డప్పుడు గడ్డి వేళ్లు తెగిపోతాయి. చాలామంది రెండు గమేళాల ఇసుక కలిపేసి మట్టి మారిపోయిందనుకుంటారు. రేగడిలో ఇసుక కొద్దిగా కలిస్తే ఆరాక ఇటుకలా గట్టిపడుతుందే తప్ప గుల్లబారదు. దానికన్నా రేగడిని కదిలించి, ఇంటి నుంచి బయటికి వాలు ఇచ్చి, దాని మీద 6 అంగుళాల కొత్త మట్టి పొర వేయడం మేలు: ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, చివికిన ఎరువు ఒక పాలు. 20 గజాలకి ఇది రెండున్నర ఘనపు మీటర్లు. వదులు మట్టి అణిగిపోతుంది కాబట్టి మూడు తెప్పించుకోండి, ఒక ట్రాక్టరు లోడు లెక్క.

ఆ ట్రాక్టరు మట్టి దించుకునే ముందు ఒక పరీక్ష చేయాలి. మట్టి తవ్వే చోటు నుంచి ఒక బకెట్ నిండా తెచ్చి, కుండీలో పోసి, పది రోజులు తడుపుతూ ఉండండి. ఏం మొలుస్తుందో చూడండి. తుంగ గాని వయ్యారిభామ గాని లేచిందా, ఆ మట్టి వద్దు. చెరువు మట్టి చవగ్గా వస్తుంది, కానీ తుంగగడ్డలకు అది పుట్టిల్లు.

కొత్త ఇళ్లలో గోడ వెంబడి రెండడుగుల మేర ప్రత్యేకంగా తవ్వి చూడాలి. మేస్త్రీలు సిమెంటు కలిపిన చోటు, సున్నం పడ్డ చోటు అక్కడే ఉంటుంది. ఆ సున్నపు గుణానికి మట్టిలో ఇనుము ఉన్నా గడ్డికి అందదు, ఎప్పటికీ పసుపు చారే. తవ్వి బయట పోయడం తప్ప దానికి మందు లేదు.

తుంగతో ముందే తేల్చుకోవాలి

తుంగని చేత్తో లాగితే పైన ఆకు వస్తుంది, కింద గడ్డ ఉండిపోతుంది. ఆ గడ్డకి దారంలాంటి వేరుతో ఇంకో గడ్డ, దానికి ఇంకోటి, గొలుసులా ఉంటాయి. ఒకటి లాగితే పక్కది మేల్కొంటుంది. లాన్ వేశాక దీన్ని గెలవడం దాదాపు అసాధ్యం. ముందయితే మన ఎండలే మనకి సాయం. పొలంలో వేసవి దుక్కి ఎందుకు దున్నుతారో ఇదీ అందుకే.

ఏప్రిల్‌లో నేల పొడిగా ఉన్నప్పుడు 8 అంగుళాల లోతు గడ్డపారతో తిరగేసి, పెళ్లలు పెళ్లలుగా వదిలేయండి. చదును చేయకండి. తుంగగడ్డలు ఎక్కువగా ఈ లోతులోనే ఉంటాయి. బయటపడ్డ గడ్డ రెండు వారాలు నిప్పులాంటి ఎండలో ఉంటే ఎండి చచ్చిపోతుంది. ఈ రెండు వారాలూ ఒక్క చుక్క నీరు పడకూడదు.

ఆ తర్వాత పెళ్లలు పగలగొట్టి, బాగా తడపండి. బతికి మిగిలిన గడ్డలు వారం పది రోజుల్లో మొలకెత్తుతాయి. మొలక మూడు నాలుగు ఆకులు వేసేలోపు, కొత్త గడ్డలు కట్టకముందే, ఒక్కో మొలక పక్కన గునపం దించి గడ్డతో సహా తీయండి. మళ్లీ తడపండి, మళ్లీ తీయండి. మూడో విడతకి పది పదిహేను మొలకల కంటే ఎక్కువ రాకపోతే మీరు గెలిచినట్టే. తీసిన గడ్డల్ని ఎరువు గుంటలో వేయకండి, అక్కడ కులాసాగా పెరిగి ఎరువుతో పాటు తిరిగి వస్తాయి. బండ మీద ఎండబెట్టి కాల్చేయండి.

పలచటి పాలిథిన్ షీటు కప్పి నేలని ఉడికించే పద్ధతి కూడా ఉంది. చాలా రకాల కలుపు గింజలు దానికి చస్తాయి. తుంగ గడ్డల మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు.

ఎరువు, చదును

మే ఆఖర్లో 20 గజాలకి 80 కిలోల చివికిన పశువుల ఎరువు, 2 కిలోల వేపపిండి, 800 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి పై ఆరంగుళాల్లో కలపండి. ఎరువు చివికిందో లేదో తెలియాలంటే కుప్ప మధ్యలో చెయ్యి పెట్టండి. వేడి తగిలినా, పేడ వాసన వచ్చినా ఇంకా కాలేదు. పచ్చి ఎరువుతో చెదలు, వేరుపురుగు, కలుపు గింజలు మూడూ ఉచితం.

దంతెతో చదును చేసి, ఇంటి నుంచి బయటికి పది అడుగులకి అంగుళం పావు వాలు ఇవ్వండి. దిమ్మిసతో మెల్లగా అణిచి, రెండుసార్లు బాగా తడిపి, వారం వదిలేయండి. గుంటలు ఎక్కడ దిగాయో అప్పుడు బయటపడతాయి. పూడ్చండి. మడమ గట్టిగా నొక్కితే అర అంగుళం కంటే ఎక్కువ దిగకూడదు. బాట అంచు కంటే మట్టి అంగుళం కిందికి ఉండాలి. గడ్డి అల్లుకున్నాక సమానమవుతుంది, వాననీరు బాట మీద బురద తేదు.

నాటడం

కణుపులు నాటడం, చాపలు పరచడం అని రెండు దారులు. గరికకి కణుపులే మంచివి. చవక, పైగా వేరు మొదటి రోజు నుంచే మీ మట్టిలో దిగుతుంది. 20 చదరపు అడుగుల చాప కొని, తీగలు విడదీసి, ఒక్కో ముక్కకి రెండు మూడు కణుపులు ఉండేలా తుంచండి. నాలుగంగుళాల దూరంలో వేలితో గుంట చేసి, ఒక కణుపు లోపల, ఆకు బయట ఉండేలా నాటి, పక్కలు నొక్కండి. 20 గజాలకి సుమారు 1,700 ముక్కలు పడతాయి, ఇద్దరు మనుషులకి ఒక పూట పని. తుంచిన ముక్కలు తడి గోనెసంచి కింద ఉంచాలి. ఎండలో అరగంట పడేస్తే వాటిలో సగం మళ్లీ లేవవు. వానాకాలంలో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నేల కనపడకుండా అల్లుకుంటుంది. జోయ్‌సియాని ఇలా నాటితే నాలుగైదు నెలలు ఆగాలి, అందుకే దానికి చాపలే వాడతారు.

చాపలు కొంటే అడుగున ఉన్న మట్టి చూడండి. జిగట మట్టి ఉన్న చాపని ఇసుక పాలు ఎక్కువున్న నేల మీద పరిస్తే, వేళ్లు ఆ జిగటలోనే తిరుగుతాయి, కిందికి దిగవు. వేసవిలో చాప పెంకులా ఎండి అంచులు లేస్తాయి. ఆ మట్టిని వేళ్లు తెగకుండా వీలైనంత దులిపి, లేదా నీటితో కడిగి పరవండి. కోసిన 24 గంటల్లోపు పరవాలి. బండిలో కుప్పగా ఉన్న చాపల మధ్యలో చెయ్యి పెడితే వేడిగా ఉంటే తీసుకోకండి, లోపల మాగిపోయి ఉంటుంది. ఇటుకలు పేర్చినట్టు అతుకులు కలవకుండా, సందు లేకుండా పరిచి, దిమ్మిసతో కొట్టి తడపండి. మొదటి పది రోజులు పొద్దున, మధ్యాహ్నం తడి. పన్నెండో రోజు ఒక మూల పట్టుకుని మెల్లగా లాగి చూడండి. లేవకపోతే వేరు పట్టింది, ఇక నీరు తగ్గించొచ్చు.

నీరు

రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు చల్లడం మనవాళ్లకి ఇష్టమైన కాలక్షేపం. లాన్‌కి దానికంటే చెడ్డ అలవాటు లేదు. పై అంగుళం మాత్రమే తడుస్తుంది, వేరు అక్కడే ఆగిపోతుంది, రోహిణి ఎండలకి మొదట మాడేది ఆ లానే. పైగా రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లు. తెల్లవారి నుంచి 8 గంటల లోపు, తక్కువసార్లు, ఎక్కువ నీరు. ఇదే పద్ధతి.

ఎర్రనేలలో వేసవిలో మూడు రోజులకోసారి 15 మిల్లీమీటర్లు, అంటే 20 గజాలకి 250 లీటర్లు. రేగడి మీద పొర వేసిన లాన్‌కి నాలుగు రోజులకోసారి 330 లీటర్లు. పైపు లెక్క ఇలా కట్టండి: 20 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. నిమిషం పడితే 250 లీటర్లకి పన్నెండున్నర నిమిషాలు. ఐదు నిమిషాలకే నీరు పారిపోతుంటే ఆపి, అరగంట తర్వాత మిగతాది ఇవ్వండి. అయ్యాక పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చితే ఆరంగుళాలు సులువుగా దిగాలి. చలికాలంలో వారానికి ఒకసారి చాలు. వానాకాలంలో వారంలో అంగుళం వాన పడితే పైపు ముట్టుకోనక్కర్లేదు.

నీరు కావాలో లేదో గడ్డే చెబుతుంది. లాన్ మీద నడిచి వెనక్కి చూడండి. పాదం ముద్ర వెంటనే లేస్తే నీరు ఉంది. అలాగే అణిగి ఉంటే, రంగు కాస్త బూడిద నీలానికి తిరిగితే, మర్నాడు పొద్దున పెట్టాలి.

బోరు నీటితో మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే ఉప్పు పేరుకుంటోందన్నమాట. నీరు కిందికి ఇంకే నేల అయితే నెలకోసారి మామూలు కంటే రెట్టింపు నీరు పెట్టి కిందికి కడగాలి. ఆర్వో మెషిన్ వదిలే నీటిని ఒక్కదాన్నే లాన్‌కి పెట్టకండి.

కోత

గరికని అంగుళం ఎత్తున, జోయ్‌సియాని అంగుళం నుంచి అంగుళంన్నర, వెడల్పాకుని రెండున్నర అంగుళాల పైన ఉంచండి. ఒక్క కోతలో మూడో వంతుకి మించి తీయకూడదు. ఊరెళ్లి నెల తర్వాత వచ్చి, మోకాలెత్తు గరికని ఒకేసారి గుండు చేస్తే కింద తెల్లటి కాడలు తప్ప ఆకు మిగలదు, ఆ కాడలు ఎండకి కాలిపోతాయి. నాలుగు రోజుల తేడాతో రెండు మూడు కోతల్లో దించండి. వానాకాలంలో వారానికోసారి, చలికాలంలో మూడు వారాలకోసారి సరిపోతుంది. కోసిన మర్నాడు కొనలు గోధుమరంగులో పీచులా కనిపిస్తే తెగులు కాదు, మెషిన్ బ్లేడు మొద్దుబారింది. 20 గజాలకి చేత్తో నెట్టే రీల్ మెషిన్ చాలు, పెట్రోలు మెషిన్ కొనడం దండగ.

యూరియా, పసుపు రంగు

గరికకి ఏడాదిలో నాలుగుసార్లు: జూన్ చివర, ఆగస్టు, సెప్టెంబరు చివర, ఫిబ్రవరి ఆఖర్లో. ఒక్కోసారి 20 గజాలకి 80 గ్రాముల యూరియా, అంతకు నాలుగింతలు పొడి ఇసుకలో కలిపి, ఆకు పొడిగా ఉన్నప్పుడు సగం నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లి, వెంటనే నీరు పెట్టాలి. జోయ్‌సియాకి రెండుసార్లు చాలు. సెప్టెంబరు, ఫిబ్రవరి విడతల్లో 50 గ్రాముల పొటాష్ కలపండి. మే ఎండలో, డిసెంబరు చలిలో యూరియా వద్దు. చలిలో గరిక రంగు తగ్గడం మామూలే, దాన్ని చూసి యూరియా గుప్పించడమే చాలా లాన్‌ల చావుకి కారణం.

పసుపెక్కిందంటే ఒక ఆకు తుంచి దగ్గరగా చూడండి. ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం. లేతాకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా ఉంటే ఇనుము లోపం, నల్లనేలల్లో, సున్నపు బోరు నీళ్లలో తరచూ వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, పది రోజులకి మరోసారి. టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, బాట మీద గోనె పరిచి కొట్టండి.

కలుపు, పురుగు

రెడ్డివారి నానబాలు, పులిచింత, గడ్డిచేమంతి, పల్లేరు పూత రాకముందే తడి నేలలో వేరుతో లాగేస్తే సరి. నానబాలు ఒకేచోట గుంపుగా వస్తుంటే అక్కడ నేల తొక్కుడుకి గట్టిపడిందేమో చూడండి. ముళ్లపారతో నాలుగంగుళాల లోతు, నాలుగంగుళాల దూరంలో గుచ్చి ఇసుక ఊడ్చండి. లాన్‌లో తుంగ పైకి వస్తే వారానికోసారి గునపంతో తీయడమే. చెరకు పొలాల్లో తుంగకి కొట్టే మందులు ఉన్నాయి గాని, 20 గజాలకి వాటి మోతాదు గ్రాములో చిన్న భాగం. ఇంట్లో అంత తూచలేం, ఎక్కువైతే గడ్డే పోతుంది.

వాన తర్వాత గోరింకలు గుంపుగా దిగి లాన్‌ని పొడుస్తుంటే కింద పురుగు ఉందేమో అనుమానించండి. ఐదు లీటర్ల నీటిలో రెండు చెంచాల గిన్నెల సబ్బు ద్రావణం కలిపి ఒక గజం మేర పోస్తే లద్దెపురుగులు పది నిమిషాల్లో పైకి వస్తాయి. అవి రాకుండా, గడ్డి మాత్రం తివాచీలా చేతికి లేచి వస్తుంటే వేరుపురుగు. అడుగు చదరంలో ఐదారుకి మించి తెల్లటి పురుగులు కనపడితే ఏరివేసి, వేపపిండి వేసి తడపండి. రూపాయి బిళ్లంత ఎండు మచ్చలు వానాకాలంలో వస్తే సాయంత్రపు నీరు ఆపితే చాలావరకు తగ్గుతాయి.

రెండేళ్ల తర్వాత

నడిస్తే లాన్ స్పాంజిలా అణుగుతుంటే, ఆకుకి మట్టికి మధ్య ఎండు పీచు పొర కట్టిందన్నమాట. కత్తితో చిన్న ముక్క కోసి చూడండి. ఆ పొర అర అంగుళం దాటితే నీరు పైనే జారిపోతుంది. గరిక లాన్‌ని రోహిణి కార్తె చివర్లో, వాన కబురు వినపడగానే, నేలకి అంటుకునేలా గీకి, పీచు మొత్తం దంతెతో లాగేయండి. చూడటానికి ఘోరంగా ఉంటుంది, కంగారు పడకండి. ముళ్లపారతో గుచ్చి, ఇసుక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒకటి, వర్మీకంపోస్టు ఒకటి కలిపి జల్లెడ పట్టి పావంగుళం మందాన పరవండి. 20 గజాలకి 100 లీటర్లు, మూడు సిమెంటు సంచులు. ఆకు కొనలు కనపడేలా చీపురుతో ఊడ్చి, నీరు పెట్టండి. మూడు వారాల్లో చిగుళ్లు తిరుగుతాయి, అప్పుడే జూన్ చివరి విడత యూరియా. జోయ్‌సియాని మాత్రం ఇలా గీకకండి. దాని పీచుని దంతెతో కొద్దికొద్దిగా, ఒక ఏడాది సగం, మరుసటి ఏడాది సగం తీయాలి.